గంజులో కేకు, ఎండలో క్రీము

'వంటింటి సందేహాలు' శీర్షికకు ఈసారి వచ్చిన ఉత్తరాలు ఎక్కువగా కేకుల మీదే. నెలాఖరు రిటైర్మెంట్లు, బదిలీల వీడ్కోళ్లు, పిల్లల పరీక్షా ఫలితాలు... అన్నింటికీ కేకు కావాలి, అదీ మే నెలలో కావాలి. అందుకే జవాబుల్లో పిండి గురించి ఎంత చెప్పామో, ఎండ గురించీ అంతే చెప్పాల్సి వచ్చింది.

ప్రశ్న: మా బ్రాంచిలో తోటి ఉద్యోగికి ప్రమోషన్ వచ్చిందని 24 కప్‌కేకులు చేశాను. మొదటి వాయి పొంగకుండా అణిగిపోయింది. రెండో వాయికి బేకింగ్ పౌడర్ ఇంకో చెంచా వేస్తే, కొండలా లేచి, పగిలి, కప్పుల మీంచి కారింది. కొలతలన్నీ టీ గ్లాసుతోనే. తప్పెక్కడ జరిగింది?
– బ్యాంకు ఉద్యోగిని, హన్మకొండ

జవాబు: తప్పు గ్లాసులో కొంత, వెన్నలో ఎక్కువ.

ముందు గ్లాసు సంగతి. మైదాను జల్లించి వదులుగా పోస్తే 240 మిల్లీలీటర్ల కప్పు 120 గ్రాములు తూగుతుంది. అదే కప్పును డబ్బాలో ముంచి అదిమి తీస్తే 150 గ్రాముల దాకా పోతుంది. కూరలో ఉప్పు తగ్గితే దించే ముందు వేసుకోవచ్చు. కేకు ఓవెన్‌లోకి వెళ్లాక సర్దుకునే వీలుండదు. గ్రాముల్లో చూపించే చిన్న డిజిటల్ తూకం ఒకటి కొనండి. క్రీముతో పూలు వేసే నాజిళ్ల సెట్టు తర్వాత కొనుక్కోవచ్చు.

12 కప్‌కేకులకు ఈ కొలత నమ్మకంగా నిలుస్తుంది: మైదా 150 గ్రాములు, బేకింగ్ పౌడర్ ఒకటిన్నర టీస్పూన్లు (చెంచా పైన గీసి, సమంగా), వెన్న 110 గ్రాములు, చక్కెర పొడి 120 గ్రాములు, కోడిగుడ్లు 2, పాలు 80 మిల్లీలీటర్లు, వెనిలా ఎసెన్స్ ఒక టీస్పూను, చిటికెడు ఉప్పు. ఉప్పు కలిసిన బటర్ వాడితే ఆ చిటికెడు మానేయండి.

ఇక వెన్న. చాలా రెసిపీల్లో 'గది ఉష్ణోగ్రతలో ఉన్న వెన్న' అని ఉంటుంది. ఆ మాట రాసినవాళ్ల గది 20 డిగ్రీలది, మే నెలలో మన వంటగది 38 డిగ్రీలది. వెన్న 32–35 డిగ్రీలకే కరుగుతుంది. చక్కెరతో కలిపి గిలక్కొట్టేటప్పుడు వెన్నలో చిక్కుకునే సన్నటి గాలి బుడగలే కేకును లేపుతాయి. బేకింగ్ పౌడర్ ఆ బుడగలను ఉబ్బిస్తుందంతే, కొత్తవి పుట్టించదు. కరిగిన వెన్నలో గాలి నిలవదు కాబట్టి మీ మొదటి వాయి అణిగింది. ఫ్రిజ్‌లోంచి తీసి ముక్కలు కోసి పది నిమిషాలు ఆగండి, వేలితో నొక్కితే గుంట పడాలి గానీ వేలికి నూనె అంటకూడదు. గిలక్కొడుతుండగా మెరుపు వచ్చి జిడ్డుగా కనిపిస్తే, గిన్నెతో సహా పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి మళ్లీ మొదలుపెట్టండి. రంగు తెల్లబడి, నురగలా తేలికయ్యే దాకా బీటర్‌తో నాలుగైదు నిమిషాలు పడుతుంది.

గుడ్లు ఒక్కొక్కటే వేయండి. మిశ్రమం విరిగినట్టు పలుకులుగా కనిపిస్తే గుడ్డు మరీ చల్లగా ఉందని అర్థం, ఒక చెంచా మైదా వేస్తే కలిసిపోతుంది. ఆ తర్వాత జల్లించిన మైదా, పాలు రెండు మూడు విడతలుగా వేస్తూ గరిటెతో కలపండి. ఇక్కడ బీటర్ వద్దు. పొడి పిండి కనిపించకపోతే చాలు, ఆపేయండి. ఎక్కువ కలిపితే మైదాలో జిగురు సాగి కేకు గట్టిపడుతుంది, కోస్తే లోపల పొడుగాటి సొరంగాలు కనిపిస్తాయి.

రెండో వాయి సంగతికొస్తే, 100 గ్రాముల మైదాకు ఒక టీస్పూను బేకింగ్ పౌడర్ దాటకూడదు. దాటితే బుడగలు పెద్దవై ఒకదాన్నొకటి మింగేస్తాయి. కేకు ముందు లేచి తర్వాత కూలుతుంది, నాలుకకు సబ్బు రుచి తగులుతుంది. కప్పులో పిండి మూడింట రెండు వంతులే పోయాలి. తూకంలో చెప్పాలంటే కప్పుకు 45 గ్రాములు. పైభాగం పగలడానికి ఓవెన్ వేడి ఎక్కువ కావడం కూడా కారణమే: పై పొర ముందే గట్టిపడితే లోపలి పిండి దాన్ని చీల్చుకుని వస్తుంది. 175 డిగ్రీల మీద, పైనా కిందా రెండు రాడ్లూ వేసి, 15 నిమిషాలు ముందే వేడెక్కించిన ఓవెన్‌లో 18–20 నిమిషాలు చాలు.

24 కావాలంటే పిండి ఒకేసారి కలిపి సగం బయట పెట్టకండి. మొదటి ట్రే లోపలికి వెళ్లాక రెండో దానికి కలపడం మొదలుపెట్టండి.

ప్రశ్న: మాకు ఓవెన్ లేదు. గంజుల పెట్టి చేస్తే అడుగు మాడుతుంది, నడుమ పచ్చిగనే ఉంటుంది. కుక్కర్‌ల చేస్తే మంచిదంటున్నరు, నిజమేనా?
– పరకాల నుంచి ఒక సోదరి

జవాబు: గంజే (లోతైన వంటగిన్నె) మంచిదమ్మా. కుక్కర్ నీళ్లు పోసి వాడటానికి చేసిన పాత్ర, ఖాళీగా గంటసేపు కాలిస్తే అడుగు వంగిపోతుంది, ఆ తర్వాత అది పప్పుకూ పనికిరాదు. తప్పక వాడాల్సి వస్తే మూతకున్న రబ్బరు, విజిల్ రెండూ తీసేయాలి, నీళ్లు పోయకూడదు.

మందపాటి అడుగున్న గంజు తీసుకుని, దొడ్డుప్పు రెండు వేళ్ల మందం పరచండి. ఉప్పు చేసే పని ఒక్కటే: మంట తగిలిన చోటే కాకుండా వేడిని అంతటా పంచడం. దాని మీద స్టాండు పెట్టి, మూత వేసి, మధ్యస్థం మంట మీద పది నిమిషాలు వేడి చేయండి. కేకు గిన్నె గంజు గోడలకు తగలకూడదు, చుట్టూ రెండు వేళ్ల ఖాళీ ఉండాలి. గిన్నె పెట్టగానే మంట పూర్తిగా తగ్గించండి. మీకు అడుగు మాడి నడుమ పచ్చిగా ఉన్నదంటే, మంట మధ్యస్థంలోనే వదిలేసి ఉంటారు, లేదా గిన్నె చిన్నదై పిండి ఎత్తుగా ఉండి ఉంటుంది. గిన్నెలో పిండి సగం దాటకూడదు. మూడు గుడ్ల కేకు ఏడు అంగుళాల గిన్నెలో 35 నుంచి 45 నిమిషాల్లో అవుతుంది. మొదటి అరగంట మూత తీయొద్దు.

మూత నుంచి ఆవిరి చుక్కలు కేకు మీద పడి గుంటలు పడుతుంటే, మూతకు పలుచని బట్ట కట్టి, కొసలు పైకి తీసి ముడేయండి. కొస కిందికి వేలాడితే మంట అంటుకుంటుంది, జాగ్రత్త. పైన ఎర్రగా కాలలేదని బాధపడకండి, గంజులో పైనుంచి వేడి రాదు. బోర్లించి, అడుగు వైపును పైకి పెట్టి వడ్డించండి. వాడిన ఉప్పు చల్లారాక సీసాలో పోసుకుంటే మళ్లీ కేకుకే వాడుకోవచ్చు, కూరలోకి పనికిరాదు.

ప్రశ్న: మా నాన్నగారు సింగరేణిలో ఈ నెలాఖరుకు రిటైర్ అవుతున్నారు. షిఫ్టు మారే టైములో 60 మందికి కేకు పంచాలని ఉంది. పోయినసారి అన్న పెళ్లిరోజుకు చేసిన క్రీమ్ కేకు, కార్లో అరగంట దూరం పోయేసరికి క్రీము ఒక పక్కకు జారిపోయింది. ఎండలో నిలిచే క్రీము ఉందా? ఎన్ని కిలోలు చేయాలి?
– గోదావరిఖని

జవాబు: ముందు లెక్క. కిలో కేకును ఆఫీసు ముక్కలుగా కోస్తే 12 నుంచి 15 వస్తాయి. 60 మందికి నాలుగైదు కిలోలు కోసి, పేపర్ ప్లేట్లలో పెట్టి, షిఫ్టు బస్సు కదిలేలోపు పంచడం అయ్యే పని కాదు. కోయడానికి ఒక అరకిలో కేకు, పంచడానికి 60 కప్‌కేకులు చేయండి. కత్తి, ప్లేటు, చెంచా ఏవీ అక్కర్లేదు. పై కొలతకు ఐదు వాయిలు. ముందురోజు సాయంత్రమే చేసి, పూర్తిగా చల్లారాక డబ్బాల్లో మూత బిగించి పెట్టవచ్చు.

ఇప్పుడు క్రీము. 43 డిగ్రీల్లో గిలక్కొట్టిన క్రీము ఏదైనా సరే ఓడిపోతుంది. కొంచెం ముందో వెనకో, అంతే తేడా. వెన్న, చక్కెర పొడితో చేసే బటర్‌క్రీమ్ తొందరగా కరుగుతుంది. పాల విప్పింగ్ క్రీమ్‌దీ ఇంచుమించు అదే దారి. మొక్కల నూనెల కొవ్వుతో చేసి ఫ్రీజర్‌లో అమ్మే విప్పింగ్ క్రీమ్ వాటికన్నా గట్టిది. బేకరీల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. అయితే అది కూడా ఏసీ గదికే గానీ గని గేటుకు కాదు. చాలామంది ఇంకో పొరపాటు చేస్తారు: కిరాణా షాపులో దొరికే 'ఫ్రెష్ క్రీమ్' డబ్బా తెచ్చి గంటసేపు గిలక్కొట్టి, గట్టిపడలేదని తమను తాము తిట్టుకుంటారు. అందులో కొవ్వు 25 శాతమే. క్రీము నురగై నిలబడాలంటే కనీసం 30, హాయిగా నిలవాలంటే 35 శాతం కావాలి. బీటర్ మార్చినా అది గట్టిపడదు.

అదే ఫ్రెష్ క్రీమ్ మీకు వేరే పనికొస్తుంది. మీ సందర్భానికి మేం సూచించేది గనాష్, అంటే చాక్లెట్, క్రీము కలిపి చేసే పూత. చలికాలంలో చాక్లెట్, క్రీము సమానంగా కలుపుతారు. ఎండాకాలంలో డార్క్ చాక్లెట్ రెండు పాళ్లు, క్రీము ఒక పాలు. 200 గ్రాముల చాక్లెట్ తురుము మీద, అంచుల్లో బుడగలు వచ్చేదాకా వేడి చేసిన 100 గ్రాముల క్రీము పోసి, రెండు నిమిషాలు కదపకుండా ఉంచి, మధ్యనుంచి మొదలుపెట్టి బయటికి కలపండి. ఇది 12 కప్‌కేకులకు సరిపోతుంది. నూనె విడిపోయి గడ్డలు కట్టినట్టైతే పారేయకండి, గోరువెచ్చని పాలు ఒక్కో చెంచా వేస్తూ కలిపితే తిరిగి నునుపవుతుంది. కాంపౌండ్ చాక్లెట్‌లో కోకో వెన్న బదులు వేరే కొవ్వు ఉంటుంది. రుచిలో ఒక మెట్టు తక్కువే, కానీ మే నెలలో అదే కాస్త ఎక్కువసేపు గట్టిగా ఉంటుంది.

కోసే కేకుకు క్రీమే కావాలని ఇంట్లోవాళ్లు పట్టుబడితే, దాని కింది స్పాంజిని వెన్నతో కాకుండా నూనెతో చేయండి. వెన్న కేకు ఫ్రిజ్‌లో బిగుసుకుపోతుంది, నూనె కేకు మెత్తగానే ఉంటుంది. గిన్నె, బీటర్ పుల్లలు పావుగంట ఫ్రీజర్‌లో పెట్టండి. క్రీమును ఫ్రిజ్‌లోనే కరగనిచ్చి, ఇంకా సన్నటి మంచు పలుకులు మిగిలి ఉండగానే గిలక్కొట్టండి. బీటర్ పైకి ఎత్తితే క్రీము కొస నిటారుగా నిలబడాలి, అక్కడితో ఆపాలి. ఇంకా కొడితే రవ్వ రవ్వగా అవుతుంది. అలంకరణ అయ్యాక రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, బయల్దేరే ముందే తీయండి.

తీసుకెళ్లడానికి థర్మాకోల్ డబ్బా, అడుగున గడ్డకట్టిన రెండు మూడు నీళ్ల సీసాలు బట్టలో చుట్టి, వాటి మీద అట్ట, అట్ట మీద కేకు పెట్టె. కార్లో సీటు మీద పెట్టకండి, సీటు వాలుగా ఉంటుంది. పోయినసారి మీ క్రీము జారడానికి సగం కారణం అదే అయి ఉండొచ్చు. కాళ్ల దగ్గర నేల మీద సమంగా కూర్చుంటుంది. క్రీమ్ కేకు అంత ఎండలో గంటకు మించి బయట ఉంటే మిగిలింది ఇంటికి తేకండి.

ప్రశ్న: రంగు డబ్బా ఎందుకని గుడ్డు లేని కేకులో మా చేను పసుపు వేశాను. పచ్చగా వస్తుందనుకుంటే లోపలంతా ఎర్రటి మచ్చలు. పసుపు కల్తీ కాదని నాకు తెలుసు. మరి ఎందుకిలా?
– రైతు కుటుంబం, ఆర్మూరు

జవాబు: మీ పసుపు మంచిదే, అందుకే ఎర్రబడింది. దిష్టి తీసే ఎర్రనీళ్లు ఎలా కలుపుతారు? పసుపు నీళ్లలో సున్నం వేస్తారు. సున్నం చేసే పనే తినే సోడా కూడా కొంచెం మెల్లగా చేస్తుంది, రెండూ క్షారాలే. మచ్చలుగా వచ్చిందంటే సోడా ఉండలు విడిపోలేదు. ఆ చోట తింటే చేదు కూడా తగిలి ఉంటుంది.

సోడాను మైదాతో కలిపి రెండుసార్లు జల్లించండి. సోడాకు తగినంత పులుపు ఇవ్వండి: పావు టీస్పూను సోడాకు అరకప్పు పుల్లటి పెరుగు. లేదా సోడా మానేసి బేకింగ్ పౌడర్ వాడండి, అందులో పులుపు ముందే కలిసి ఉంటుంది. పావు టీస్పూను సోడా స్థానంలో ఒక టీస్పూను బేకింగ్ పౌడర్. పసుపు 150 గ్రాముల పిండికి పావు టీస్పూను చాలు, దాటితే కేకుకు పులిహోర వాసన వస్తుంది.

బీట్‌రూట్ సంగతీ అడగబోతారని తెలుసు. దాని రంగు ఓవెన్ వేడికి నిలవదు, గోధుమ రంగుకు తిరుగుతుంది. కాల్చని క్రీములో మాత్రం చక్కటి గులాబీ రంగు ఇస్తుంది.

ప్రశ్న: మేడారం జాతర నుంచి తెచ్చిన బంగారం (ప్రసాదం బెల్లం) చాలా మిగిలింది. స్కూల్లో తోటి టీచర్లకు దానితో కేకు చేసి పెట్టొచ్చా? చక్కెర బదులు అంతే బెల్లం వేస్తే తడిగా, ముద్దగా వచ్చింది.
– ఉపాధ్యాయిని, ములుగు

జవాబు: నిక్షేపంగా చేయొచ్చు. సమ్మక్క సారలమ్మల ప్రసాదం కాబట్టి గుడ్డు లేకుండా చేస్తే ఎవరికీ పట్టింపు ఉండదు.

ముద్దగా రావడానికి కారణం, బెల్లంలో చక్కెర కన్నా తేమ ఎక్కువ. మీరు పాలు, నీళ్లు తగ్గించకుండా వేసి ఉంటారు. ఈ కొలత చూడండి: గోధుమపిండి 150 గ్రాములు, బెల్లం 130 గ్రాములు, చిక్కటి పెరుగు 120 గ్రాములు, నూనె 70 మిల్లీలీటర్లు, నీళ్లు 80 మిల్లీలీటర్లు, బేకింగ్ పౌడర్ ఒక టీస్పూను, సోడా అర టీస్పూను, యాలకుల పొడి అర టీస్పూను. బెల్లాన్ని గోరువెచ్చని నీళ్లలోనే కరిగించండి. వేడి పాలలో వేస్తే విరిగిపోవచ్చు. కరిగాక తప్పకుండా వడకట్టండి. జాతర బెల్లంలో పీచు, ఇసుక ఉండకుండా ఉండవు. పూర్తిగా చల్లారాక పెరుగు, నూనె కలిపి, జల్లించిన పిండి వేసి, వెంటనే ఓవెన్‌లో పెట్టండి. సోడా, పెరుగు కలిసిన క్షణం నుంచే గ్యాసు పోతూ ఉంటుంది, ఫోన్ వచ్చిందని ఆగకూడదు. బెల్లం కేకు తొందరగా నల్లబడుతుంది కాబట్టి వేడి 165 డిగ్రీలే. ఏడు అంగుళాల గిన్నెలో 35–40 నిమిషాలు. పుల్ల గుచ్చితే ఒకటి రెండు పొడి పలుకులు అంటుకున్నా ఫర్వాలేదు, తడి పిండి అంటకూడదు. మరుసటి రోజుకు దీని రుచి పెరుగుతుంది, తొందరపడి వేడిగా కోయకండి.

ప్రశ్న: కప్‌కేకుల కాగితాలు వాటంతటవే ఊడిపోతున్నాయి. గమ్ వేయలేం కదా!
– కరీంనగర్

జవాబు: ఆవిరి పని అది. కాలిన కప్‌కేకులను ట్రేలోనే వదిలేసినా, వేడిగా డబ్బాలో పెట్టి మూత వేసినా కాగితం చెమటపట్టి విడిపోతుంది. ఐదు నిమిషాలకే ట్రేలోంచి తీసి జాలీ మీద ఆరబెట్టండి. నడుమ సరిగ్గా కాలకపోయినా ఇదే జరుగుతుంది.

ప్రశ్న: మా ఆఫీసులో గురువారం కొందరు, శనివారం కొందరు గుడ్డు ముట్టరు. ఒకే పిండిలో రెండు రకాలూ చేయొచ్చా?
– హన్మకొండ

జవాబు: ఒకే పిండి వద్దు, రెండు గిన్నెలు పెట్టుకోండి. పై కప్‌కేకుల కొలతలో ఒక్కో గుడ్డుకు బదులు 60 గ్రాముల చిక్కటి పెరుగు, మొత్తానికి పావు టీస్పూను సోడా అదనంగా వేసి, బేకింగ్ పౌడర్ ఒక టీస్పూనుకు తగ్గించండి. రెండు గుడ్ల దాకా ఈ ఉపాయం పనిచేస్తుంది. అంతకు మించి గుడ్లున్న స్పాంజికి పనికిరాదు, ఎందుకంటే అక్కడ కేకు నిలబడేది గుడ్డు నురగ మీదే. గుడ్డు లేనివాటికి వేరే రంగు కాగితపు కప్పులు వాడి, డబ్బా మీద పెద్దక్షరాలతో రాయండి. నోటితో చెబితే మూడో బల్ల దాకా వెళ్లేసరికి మాట మారిపోతుంది. ముందు గుడ్డు లేనివి చేసి, ఆ తర్వాతే గుడ్డువి చేయండి. బీటర్ పుల్లలు ఒకటే కదా.

ప్రశ్న: పుట్టినరోజుకు నురగ స్ప్రే కొట్టారు, కేకు మీద కూడా పడింది. పైపైన తీసేసి తినొచ్చా?
– విద్యార్థులు, కాజీపేట

జవాబు: వద్దు. అది తినే నురగ కాదు. పడిన మేరకు కోసి పారేయండి, క్రీములోకి ఇంకి ఉంటే మొత్తం వదులుకోండి. దానికంటే ముఖ్యమైన మాట ఇంకొకటి: ఆ డబ్బాల్లో చాలావాటిని తోసేది మండే గ్యాసు. వెలుగుతున్న కొవ్వొత్తి ముందు, జుట్టు మీద, ముఖం మీద కొట్టడం అంటే నిప్పుతో ఆడుకోవడమే. చిచ్చుబుడ్డిలా రవ్వలు చిమ్మే క్యాండిల్ కూడా కేకులో గుచ్చకండి, దాని బూడిద క్రీము మీదే పడుతుంది. పక్కన గ్లాసులో బియ్యం పోసి అందులో నిలబెట్టండి. ఫొటోలో తేడా తెలియదు.

ప్రశ్న: ఓవెన్‌లో కేకు ఉండగా కరెంటు పోయింది. తలుపు తీసి చూస్తే నడుమ గుంట. ఏం చేసి ఉండాల్సింది?
– మంచిర్యాల

జవాబు: తలుపు తీయకుండా ఉండాల్సింది. చల్లగాలి తగలగానే ఇంకా గట్టిపడని నడిమి భాగం కూలుతుంది. సమయంలో మూడింట రెండు వంతులు గడిచి ఉంటే, మూసిన ఓవెన్‌లోని వేడికే చాలావరకు ఉడుకుతుంది, ఇంకో పావుగంట ఎక్కువ ఉంచి చూడండి. పెట్టిన పది నిమిషాలకే పోతే మాత్రం ఆలస్యం చేయకుండా పొయ్యి మీద గంజు వేడి చేసి, వేడెక్కాకే కేకును అందులోకి మార్చండి. పరకాల సోదరికి చెప్పిన పద్ధతే. ఇన్వర్టర్ మీద ఆశ పెట్టుకోకండి, ఇంట్లో ఫ్యాన్లు, లైట్లకు పెట్టుకున్న ఇన్వర్టర్ 1500 వాట్ల ఓటీజీని (కరెంటు ఓవెన్‌ను) మోయలేదు. ఆ ఓటీజీని మామూలు 6 ఆంపియర్ల ప్లగ్గులో కూడా పెట్టకండి. అది ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది, ఫ్రిజ్‌కో గీజర్‌కో వాడే 16 ఆంపియర్ల సాకెట్టే కావాలి.

గుంట పడిన కేకును పారేయకండి. పచ్చిగా ఉన్న నడుమ భాగం గుండ్రంగా కోసి తీసేసి, మిగిలింది పొడి చేసి, గ్లాసుల్లో క్రీము, పండ్ల ముక్కలతో పొరలు పొరలుగా పేర్చండి. ఇప్పుడు జగిత్యాల మామిడిపండ్లు ఎలాగూ వస్తున్నాయి.